పేరు తీసిన టోకెను

జూన్ నెల. చిత్తూరు, పూతలపట్టు రోడ్డు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి పెట్రోలు బంకు దాకా ట్రాక్టర్లు.
తూకం గదిలో నా కీబోర్డుకి
తోతాపురి జిగురు అంటుకుంది.
స్పేస్‌బార్ నొక్కితే
పైకి లేవాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తుంది.

ఈ కోడు నేనే రాశాను, మూడు సీజన్ల కింద.
ప్రతి లోడూ ఒక ఆబ్జెక్టు.
దాని ఒంటి మీద దానివైన లక్షణాలు:
ఊరు, బరువు, రకం, దిగిన టైము, పేరు.
కాయకి తొడిమ ఉన్నట్టే అనుకున్నాను.
తొడిమ తెంపితే సొన చిమ్ముతుందని
అప్పుడు తట్టలేదు.

టోకెను నాలుగొందల పద్దెనిమిది.
కిటికీ చువ్వల్లోంచి ఒక చెయ్యి, చేతిలో మడతలు పడ్డ చీటీ.
"అమ్మణ్ణీ, దీంట్లో మా ఇంటాయన పేరుండాది. తీసెయ్యి."
బంగారుపాళెం అవతల నుంచి వచ్చింది, దేశమ్మ.
చెంగల్రాయులు పోయి ఇరవై రోజులు.
బ్యాంకులో ఆయన ఖాతా ఆపేశారు.
డబ్బు రెండుసార్లు పోయి రెండుసార్లు తిరిగొచ్చింది,
తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే
వెనక్కొచ్చే చుట్టంలా.
ఆమె పేరు ఎక్కించడానికి కాయితాలు రాలేదు.
పేరు లేని చీటీకైతే
కౌంటర్లో నగదు ఇస్తారు.

"ఖాళీ పెట్టేస్తే పోలా?" అన్నాడు సూపర్‌వైజర్ లోకనాథం.
ఖాళీ వేరు సార్, తీసెయ్యడం వేరు.
ఖాళీ అంటే కంచం ఉంటుంది, సంగటి ఉండదు.
తీసెయ్యడమంటే
అక్కడొక కంచం పెట్టేవాళ్ళమనే
ఆ ఇంటికి గుర్తుండదు.
ఆయన టీకి పోయాడు.

ఒక్క లైను.
మూడక్షరాల ఆజ్ఞ, లోడు, చుక్క, పేరు.
ఎంటర్.
కర్సర్ ఆరింది, వెలిగింది.
తీసెయ్యడం సరిగ్గా జరిగితే
యంత్రం ఏమీ అనదు.
పరామర్శించడం దానికి నేర్పలేదు.

చీటీ ప్రింటయింది.
పేరు ఉండాల్సిన చోట
"రైతు" అని పడింది.

నేనే. మొదటి సీజన్లో, ఇంకా ఒక్క లోడూ దిగకముందు
క్లాసులో రాసిపెట్టుకున్న మాట.
ఎవరి పేరూ తెలియనప్పుడు
పిలవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని.
తర్వాత వేల పేర్లు వచ్చి దాని మీద కూర్చున్నాయి,
అడుగున అది ఉందనే మర్చిపోయాను.
పై పేరు లేవగానే కనపడింది,
గోడ మీద పార్టీ రంగు పెచ్చు రాలి
పాత సున్నం బయటపడినట్టు.

"ఎవురి పేరు పడిండాది?"
ఎవరిదీ లేదమ్మా.
"యాదో రాసిండాదే."
రైతు అని ఉంది.

చీటీ దూరంగా పట్టి చూసింది, దగ్గరగా పట్టి చూసింది.
"పాసుబుక్కులో గూడా నా పేరు లేదు.
ఈ మాట మాత్రం నాకూ చెల్లతాది."
కొంగున ముడేసుకుని కౌంటరు వైపు పోయింది.
నాకు వెంటనే ఏ జవాబూ రాలేదు,
తర్వాతా రాలేదు.

రాత్రి షిఫ్టు. బాయిలరు బుసకొడుతోంది,
టెంకల కుప్ప మీద ఈగలు కూడా నిద్రపోయాయి.
ఊరికే, చూద్దామని,
అదే టోకెను మీద అదే లైను మళ్ళీ కొట్టాను.
ఈసారి యంత్రం నోరు విప్పింది, ఎర్రగా:
ఇట్లాంటి లక్షణం దీనికి లేదు.

ఉంది కదా, మధ్యాహ్నమేగా చదివాను!
చదవడానికి ఉంది. తీయడానికి లేదు.
ఒంటి మీద లేనిదాన్ని ఒంటి నుంచి ఎట్లా వలుస్తావు?
కావాలంటే క్లాసు దాకా పోవాలి.
అక్కడ ఒక్క దెబ్బ కొడితే
గేటు నుంచి బంకు దాకా
అందరి అడుగునా పోతుంది.

ఆ లైను మీద వేలు కాసేపు ఉంచాను.
జిగురు.
ఐదొందల రెండు అని మైకులో ఎవరినో పిలిచారు.